బండి కట్టే ముందు అడగండి: శరణార్థి శిబిరాలకు సాయం తీసుకెళ్ళే మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులారా,

మీలో కొందరు ఈ నెలాఖరుకి ఉత్తర ఫ్రాన్స్‌కి, కలే, డన్‌కర్క్ వైపు వ్యాన్లు తీసుకుని వెళ్తున్నారని తెలిసింది. బట్టలు పోగు చేస్తున్నారు, చందాలు వేసుకుంటున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో లిస్టులు తయారవుతున్నాయి. ముందుగా ఒక మాట చెబుతాను. తప్పకుండా వెళ్ళండి. ఈ లేఖ మిమ్మల్ని ఆపడానికి కాదు. సముద్రం దాటి అవతలి ఒడ్డున ఉన్న ఇంగ్లండ్‌కి చేరాలని ఆ తీరంలో, చెట్ల మధ్య, టెంట్లలో రోజులు వెళ్ళదీస్తున్నవాళ్ళకి ఇన్నేళ్ళుగా వేడి భోజనం, పొడి సాక్సులు, కప్పుకోవడానికో దుప్పటి అందుతున్నాయంటే చాలావరకు అది మీలాంటి మామూలు మనుషుల వల్లే.

నేను అడిగేది ఒక్కటే. ఏం తీసుకెళ్ళాలో, ఎవరికి ముందు ఇవ్వాలో, ఎలా పంచాలో మీరే తేల్చేయకండి. అక్కడ ఉంటున్నవాళ్ళని అడగండి. అడిగి ఊరుకోకుండా ఆ పనిలోకి వాళ్ళని కలుపుకోండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. అడగకుండా వెళ్ళి మేం చేసిన తప్పు పదేళ్ళయినా నా మనసులోంచి పోలేదు.

2015 సెప్టెంబర్ 2న టర్కీ తీరంలో ఇసుకలో బోర్లా పడి ఉన్న పసివాడు అలన్ కుర్దీ ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ ఫోటో చూసి నిద్ర పట్టనివాళ్ళలో నేనూ ఒకదాన్ని. అప్పుడు ఇంగ్లండ్‌లో ఉద్యోగం. ఆఫీసులో నలుగురం కలిశాం, రెండు వారాల్లో ఒక వ్యాన్ నిండింది. ఎవరి ఇంట్లో ఏ బీరువా ఖాళీ చేస్తే అది తెచ్చి పడేశారు. కలే శిబిరంలో ఎవరుంటున్నారు, ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది మగవాళ్ళు, వాళ్ళకి ఏం లేదు అని మాలో ఒక్కరు కూడా ఒక్క ఫోన్ చేసి కనుక్కోలేదు. అది మాకు తట్టనే లేదు. మంచి పని చేస్తున్నామన్న ఊపు అలాంటిది.

ఆ శిబిరాన్ని అక్కడివాళ్ళు 'జంగిల్' అనేవారు. రేవుకి దగ్గర్లో, ఇసుక దిబ్బల మధ్య, ఒకప్పుడు చెత్త పోసిన నేల మీద లేచింది. సూడాన్, అఫ్ఘానిస్తాన్, ఎరిత్రియా, ఇరాక్, సిరియా నుంచి వచ్చినవాళ్ళు. ఎక్కువమంది కుర్రాళ్ళు, సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్ళు. మేం వెళ్ళినరోజు వాన. వ్యాన్‌ని దారి మధ్యలో ఆపి వెనక తలుపులు తీశాం. లైనులో నిలబడమని చేతులతో సైగలు చేశాం. రెండు నిమిషాలు నిలబడ్డారు. తర్వాత వెనక ఉన్నవాళ్ళకి, తమ వంతు వచ్చేసరికి ఏమీ మిగలదని అర్థమైంది. అంతే, లైను పోయింది. బలమున్నవాళ్ళు ముందుకొచ్చారు, లేనివాళ్ళు పక్కకి పోయారు. ఒక పెద్దాయన బురదలో పడ్డాడు. మేం భయపడి, చేతికందినవి అందినట్టు విసిరాం. మనుషుల మీదికి బట్టలు విసిరాం. ఇప్పటికీ ఈ వాక్యం రాయడం కష్టంగా ఉంది.

అంతా అయ్యాక, ఒక గంట పోయాక, ఒక కుర్రాడు వ్యాన్ దగ్గరికి వచ్చాడు. చేతిలో మేమిచ్చిన బూట్లు. మంచి బూట్లే, కొత్తవే. యూరప్ కొలతలో 46 సైజు. అతని కాళ్ళకి ప్లాస్టిక్ చెప్పులున్నాయి, వేళ్ళు వానకి తెల్లబడి ముడతలు పడ్డాయి. ఏమీ మాట్లాడకుండా బూటు కింద పెట్టి పక్కన పాదం ఆనించి చూపించాడు. బూటు బెత్తెడు పొడుగుంది. లోపల కాగితాలు కుక్కి చూసినట్టున్నాడు, తడిసిన కాగితం ఇంకా బొటనవేలి దగ్గర అతుక్కుని ఉంది. మా దగ్గర చిన్న సైజు ఒక్కటి కూడా లేదు. అది అర్థమయ్యాక రెండు బూట్లూ జతగా వ్యాన్‌లో ఒక మూల సర్ది, థాంక్యూ అని చెప్పి, అవే చెప్పులతో బురదలోకి వెళ్ళిపోయాడు.

అతను తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

మర్నాడు అక్కడి సంఘాలు నడుపుతున్న గోదాముకి వెళ్ళాను. సాయంగా వచ్చిన సరుకంతా ముందు అక్కడికే చేరాలని, పంపకం వాళ్ళే ఒక పద్ధతిలో చేస్తారని అప్పుడు తెలిసింది. మగవాళ్ళ జాకెట్లలో పెద్ద సైజులు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. చిన్న సైజు, మధ్య సైజు అరలు బోసిగా ఉన్నాయి. దానం చేసేవాళ్ళ ఒళ్ళు వేరు, తీసుకునేవాళ్ళ ఒళ్ళు వేరు, అదే కారణం. ఎత్తు మడమల చెప్పులు, పార్టీకి వేసుకునే గౌన్లు, తడిసి బూజు పట్టిన పరుపులు, ఒంటి బూట్లు, అన్నీ వచ్చాయి. సార్టింగ్ టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ నాకు పని నేర్పింది. ముందు జిప్పు లాగి చూడు, తర్వాత జేబులో చెయ్యి పెట్టు, తర్వాత వాసన చూడు, అప్పుడు సైజు పట్టీ చదువు. ఒక్కో జాకెట్‌కి నిమిషం. వేల జాకెట్లు. పనికిరానిదాన్ని వదిలించుకోవడానికి కూడా మనుషులు కావాలి, బండి కావాలి, డబ్బు కావాలి. మనం ఇల్లు ఖాళీ చేసుకుని పంపిన చెత్తని అక్కడ ఇంకో వలంటీర్ చలిలో నిలబడి ఏరుతుంది.

పంపకం ఎలా చేయాలో నాకు నేర్పింది మాత్రం వలంటీర్లు కాదు, శిబిరంలో ఉన్న సూడాన్ యువకులు. ముందురోజు సాయంత్రం ఒక నోట్ పుస్తకం పట్టుకుని ప్రతి గుడారానికీ వెళ్ళేవాళ్ళు. ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఏ సైజు, ఎవరు లేవలేని స్థితిలో ఉన్నారు అని రాసుకుని, మనిషికో చీటీ ఇచ్చేవాళ్ళు. మర్నాడు ఒక్క రకం వస్తువే పంచేవాళ్ళం. బూట్లయితే బూట్లే. చీటీ ఉంది కాబట్టి తోపులాట లేదు. తనకి దక్కుతుందని తెలిసిన మనిషి తోసుకోడు. సరుకు తక్కువైతే ఎన్ని జతలున్నాయో ముందే చెప్పేసేవాళ్ళు, మూడు గంటలు నిలబెట్టి అయిపోయిందని చెప్పేవాళ్ళు కాదు. లేవలేనివాళ్ళది గుడారానికే వెళ్ళేది. ఇదంతా ఏ ఆఫీసులోనూ తయారైన పద్ధతి కాదు. లైనులో నిలబడి నిలబడి విసిగినవాళ్ళు ఆలోచించి పెట్టుకున్నది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. శిబిరంలో ఉన్న మనిషి ఎవరిని అడగాలి? వచ్చేవాళ్ళ పేరు తెలియదు, భాష తెలియదు, మళ్ళీ వస్తారో రారో తెలియదు. కాబట్టి అక్కడ అడగాల్సింది మనమే.

ఇంకో సంగతి చెబుతాను. ఆడవాళ్ళకి ఏం కొనాలని గోదాములో ఒక సాయంత్రం మీటింగ్ పెట్టుకున్నాం. పన్నెండు పద్నాలుగు మందిమి ఉన్నాం, శిబిరంలో ఉంటున్న ఆడమనిషి ఒక్కరూ లేరు. సబ్బు, షాంపూ, శానిటరీ ప్యాడ్లు, దువ్వెన, అన్నీ కలిపి కిట్లు చేద్దామని తీర్మానించి కొన్నాం కూడా. అవి అవసరం లేదని కాదు, అవసరమే. కిట్లు ఇస్తుంటే ఎరిత్రియా నుంచి వచ్చిన ఒకామె, ఇంగ్లీషు కాస్త వచ్చినామె, నా చెయ్యి పట్టుకుని మరుగుదొడ్డి దగ్గరికి తీసుకెళ్ళింది. తలుపు మూసి చూపించింది. లోపల గడియ లేదు. రాత్రిపూట దీపమూ లేదు. చీకటి పడ్డాక అక్కడికి వెళ్ళడానికి భయపడి ఆడవాళ్ళు మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తున్నారట. ఆమె అడిగినవి రెండే. ఒక గడియ, ఒక టార్చిలైటు. మేం ఆ సాయంత్రం కూర్చుని వేసిన లిస్టులో ఆ రెండూ లేవు. మీటింగ్‌కి ఆమెని పిలిచి ఉంటే మొదటి ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

శిబిరంలో ఉన్నవాళ్ళే టెన్షన్‌లో ఉంటారు, వాళ్ళ మీద ఈ పనులు కూడా పెట్టడమెందుకు అని మీలో కొందరు అంటారు. జాలితో అనే మాటే, కానీ సరికాదు. ఆ ఇసుకలో వాళ్ళు ఏం కట్టుకున్నారో చూడండి. ఎరిత్రియా, ఇథియోపియా వాళ్ళు కర్రలతో, టార్పాలిన్లతో ఒక చర్చి కట్టుకున్నారు. మసీదులు లేచాయి. పాఠాలు చెప్పుకోవడానికి బడి, 'జంగిల్ బుక్స్' అనే చిన్న లైబ్రరీ నడిచాయి. టీకొట్లు, హోటళ్ళు, మంగలి షాపులు పెట్టుకున్నారు. 2016 ఆగస్టులో ప్రభుత్వం అలాంటి 72 కొట్లని కూల్చేస్తామంటే లీల్ నగరంలోని కోర్టు ఒప్పుకోలేదు. ఆ మనుషుల్లో నర్సులున్నారు, దర్జీలున్నారు, టీచర్లున్నారు, వైరింగ్ పని తెలిసినవాళ్ళున్నారు. దేశం విడిచినంత మాత్రాన నేర్చుకున్న పని మర్చిపోరు.

కలేలోనే కాదు, ఎక్కడ చూసినా ఇదే. గ్రీస్‌లో లెస్బోస్ దీవి మీది మోరియా శిబిరం సుమారు 3,000 మంది కోసం కట్టింది. 2020 మొదట్లో అందులోనూ చుట్టుపక్కల తోటల్లోనూ కలిపి దాదాపు 20,000 మంది ఉన్నారు. కరోనా వచ్చినప్పుడు 'మోరియా కరోనా అవేర్‌నెస్ టీమ్' పేరుతో జట్టు కట్టింది శరణార్థులే. తమ భాషల్లో జాగ్రత్తలు చెప్పారు, మాస్కులు కుట్టారు, చెత్త ఎత్తారు. బంగ్లాదేశ్‌లో 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే మయన్మార్ నుంచి పారిపోయిన 7 లక్షలకి పైగా రోహింగ్యాలు కాక్స్ బజార్ ప్రాంతానికి వచ్చిపడ్డారు. పెద్ద సంస్థల లారీలు దిగేలోగా వాళ్ళకి అన్నం పెట్టినవాళ్ళు చుట్టుపక్కల పల్లెల పేదవాళ్ళే. 2021 మార్చి 22న అక్కడి శిబిరాల్లో మంటలు లేచి పదుల వేలమంది గూడు పోయినప్పుడు ముందు పరిగెత్తినవాళ్ళలో రోహింగ్యా వలంటీర్లున్నారు. తాము ఉంటున్న సందులు కాబట్టి ఏ గుడిసెలో ముసలివాళ్ళున్నారో, ఏ దారి ఎటు పోతుందో వాళ్ళకి తెలుసు.

ఇక లెక్కల సంగతి. వలంటీర్లు చేసిన పనులన్నిటిలోకీ గొప్పది ఏదని నన్నడిగితే దుప్పట్లు కాదు, మనుషుల్ని లెక్కపెట్టడం అంటాను. 2016 ఫిబ్రవరిలో కలే శిబిరం దక్షిణ భాగాన్ని ఖాళీ చేయిస్తామని యంత్రాంగం ప్రకటించింది. అక్కడ ఉన్నది 800 నుంచి 1,000 మంది అని చెప్పింది. 'లోబెర్జ్ దె మిగ్రాన్', 'హెల్ప్ రెఫ్యూజీస్' వలంటీర్లు గుడారం గుడారం తిరిగి లెక్క తీస్తే 3,455 మంది తేలారు. వాళ్ళలో 445 మంది పిల్లలు, ఎక్కువమంది అమ్మానాన్నలు వెంట లేకుండా ఒంటరిగా వచ్చినవాళ్ళు. లెక్కలో లేని మనిషికి పడుకోవడానికి చోటు ఎవరూ ఏర్పాటు చేయరు కదా. కోర్టు కూల్చివేతని పూర్తిగా ఆపలేదు కానీ, చర్చి, లైబ్రరీ లాంటి నలుగురూ కలిసే చోట్లని ముట్టుకోవద్దంది. ఫిబ్రవరి 29న కూల్చడం మొదలుపెట్టారు. అదయ్యాక వలంటీర్లు మళ్ళీ లెక్క తీశారు. ఒంటరి పిల్లల్లో 129 మంది కనపడలేదు. ముందు ఆ పుస్తకం రాసి ఉండకపోతే ఆ 129 మంది కనపడలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు. ఆ లెక్క తీయడంలో భాష తెలిసి, మొహం తెలిసి సాయం చేసేది శిబిరంలో ఉన్నవాళ్ళే. వాళ్ళు లేకుండా తలుపు ఎవరు తీస్తారు?

అంతకుముందు 2015 నవంబర్ 23న ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా కోర్టు ఆ శిబిరంలో అదనంగా 10 నీటి కేంద్రాలు, 50 మరుగుదొడ్లు పెట్టాలని, చెత్త ఎత్తించాలని చెప్పిన తీర్పుని నిలబెట్టింది. కేసు వేసింది స్వచ్ఛంద సంస్థలు. శిబిరాల్లో కనీసం ఏముండాలో, సహాయ సంస్థలు ప్రపంచమంతటా పాటించే 'స్ఫియర్' ప్రమాణాలు చెబుతాయి: మనిషికి రోజుకి 15 లీటర్ల నీళ్ళు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. ఆ లెక్కన 50 మరుగుదొడ్లు వెయ్యి మందికి సరిపోతాయి, అక్కడ ఉన్నది అంతకి ఎన్నో రెట్లు. ఈ అంకెలు మీ ఫోన్లో రాసి పెట్టుకోండి. సరిపోవడం లేదని ఊరికే అంటే అధికారి వినడు. 20 మందికి ఉండాల్సింది 120 మందికి ఉందని, ఇదిగో పేర్లు అని పుస్తకం ముందు పెడితే వినక తప్పదు.

ఇప్పుడు ఆ పెద్ద శిబిరం లేదు. 2016 అక్టోబర్‌లో మొత్తం ఖాళీ చేయించారు. మనుషులు మాత్రం వస్తూనే ఉన్నారు, చిన్న చిన్న గుంపులుగా టెంట్లు వేసుకుంటున్నారు, పోలీసులు తరచూ వచ్చి తీయిస్తున్నారు. కాబట్టి మీరు తీసుకెళ్ళిన టెంటు రెండు రోజులకి ఉండకపోవచ్చు. అది చూసి నీరసపడొద్దు. భోజనం పంచడం మీద కూడా కలేలో నిషేధాలు పెట్టారు. 2017 మార్చిలో పెట్టినదాన్ని అదే నెలలో కోర్టు నిలిపేసింది, 2020 సెప్టెంబర్‌లో కొన్ని వీధులకి మళ్ళీ పెట్టారు. వెళ్ళేరోజు ఏ వీధిలో ఏ ఆంక్ష ఉందో అక్కడి సంఘాన్ని అడిగి వెళ్ళండి. మీకు జరిమానా పడితే పడుతుంది, కానీ మిమ్మల్ని నమ్మి అక్కడ చేరినవాళ్ళని పోలీసులు చుట్టుముట్టే పరిస్థితి తేవద్దు.

ఫోటోల గురించి. తీయకండి. వెనకనుంచి తీశాం, మొహం కనపడదు అని చెప్పకండి. ఫోటోలో ఉన్న మనిషి పారిపోయి వచ్చిన ఊళ్ళో వాళ్ళమ్మ ఇంకా ఉంది, చెల్లెళ్ళున్నారు. అతని జాకెట్, అతని నడక గుర్తుపట్టేవాళ్ళున్నారు. మీ చందాలకి ఫోటో కావాలంటే గోదాములో సర్దిన అరల ఫోటో పెట్టండి.

పిల్లల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. మీ బృందంలో పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరి పోలీసు రికార్డు చూసుకోండి, ఎవరినీ పిల్లలతో ఒంటరిగా ఉండనివ్వకండి. అందరూ మంచివాళ్ళే వస్తారనుకోవద్దు. ఇంకొకటి, వచ్చే వారం మళ్ళీ వస్తానని చెప్పి రాకుండా ఉండకండి. నేను అలా చెప్పి వెళ్ళలేకపోయాను. నెల తర్వాత వెళితే ఒక పిల్ల, ఎనిమిదేళ్ళుంటాయి, నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఆ వయసుకే చాలామంది పెద్దవాళ్ళు మాట తప్పడం చూసేసింది.

ఫోన్ ఛార్జింగ్‌ని తేలిగ్గా తీసుకోకండి. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళ గొంతు వినిపించేది అందులోనే, దారి చూపేదీ, సముద్రంలో ఆపద వస్తే పిలిచేదీ అదే. ఒక జనరేటరు, దానికి నాలుగు ప్లగ్గు బోర్డులు పెడితే గంటలో పదుల ఫోన్లు ఎక్కుతాయి. ఆ బోర్డు దగ్గర ఎవరిది ముందో చూసుకునే పని అక్కడివాళ్ళకే వదిలేయండి.

మనలో ఆరంభశూరత్వం ఎక్కువ, నాలో కూడా. టీవీలో విషాదం వచ్చిన వారం గోదాము తలుపు మూతపడనంత సరుకు వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, చలి ఇంకా తగ్గకముందే, బంగాళాదుంపలు తరగడానికి కూడా మనుషులుండరు. అందుకే పెద్ద వ్యాన్ ఒకసారి తీసుకెళ్ళేకంటే, ఇరవై మంది ప్రతి నెలా తలా కాస్త డబ్బు పంపడం మేలు. డబ్బు పంపితే మనసుకి తృప్తి ఉండదు, తెలుసు. మన చేత్తో ఇచ్చినట్టుండదు. కానీ ఆ డబ్బుతో గోదామువాళ్ళు ఆ వారం ఏది లేదో అది, కావాల్సిన సైజులో, టోకున కొంటారు.

ఈసారి మీటింగ్ పెట్టుకున్నప్పుడు శిబిరంలో ఉన్న ఇద్దరినైనా ఫోన్‌లో కలపండి, ఒకరు ఆడమనిషి అయ్యుండాలి. భాష రాదంటే తర్జుమా చేసేవాళ్ళు అక్కడే ఉన్నారు, వాళ్ళకి ఆ పని తెలుసు. వాళ్ళు వద్దన్న వస్తువు వ్యాన్ ఎక్కకూడదని ముందే అనుకోండి. సరుకు కొనేముందు లిస్టు వాళ్ళకి చదివి వినిపించండి. పంచాక ఏం తప్పు జరిగిందో కూడా వాళ్ళనే అడగండి, చెప్పింది రాసుకోండి.

ఇంకా నెలాఖరుకి టైముంది. ఎవరైనా బూట్లు ఇస్తామంటే నేను పనిచేసినప్పుడు ఎప్పుడూ చాలనివి మగవాళ్ళ 41, 42, 43 సైజులు. ఇప్పుడు కూడా అవేనా అని గోదాముకి ఫోన్ చేసి కనుక్కోండి. జత విడిపోకుండా రెండు లేసులూ కలిపి ముడేయండి.

మీలో ఒకతె,
సార్టింగ్ టేబుల్ దగ్గర పనిచేసిన వలంటీర్